కోరుట్ల థియేటర్‌లో మా అత్తమ్మ కూర్చుని చూసిన సినిమా

మా అత్తమ్మ రాజవ్వ కోరుట్లలో ఒక పాత థియేటర్‌లో ఆడవాళ్ల గేటు దగ్గర టికెట్లు చించుతూ ఇరవై ఏళ్లు పనిచేసింది. మా ఆయనకు సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే పని దొరికాక ఆమె మాతో వచ్చేసింది. పోయిన నెల అక్కడి ఆపరేటర్ సత్తయ్య ఫోన్ చేసి, గురువారంతో థియేటర్ మూసేస్తున్నారని, కూలగొట్టి షాపులు కడతారని చెప్పాడు. అత్తమ్మ ఫోన్ పక్కన పెట్టింది. తర్వాత, "ఇరువై ఏండ్లు గాడ నిలవడ్డ. ఒక్క సినిమ సుత మొదటి సంది ఆఖరిదాక కూసోని సూడలే" అంది. మా ఆయనకు సెలవు దొరకలేదు. ఆయన లేకుండా నేను ఎప్పుడూ అంత దూరం పోలేదు. అయినా గురువారం పొద్దున మేమిద్దరం బయలుదేరాము.

సిరిసిల్ల బస్టాండులో ఏడింటికి జగిత్యాల బస్సు ఎక్కాము. ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తే చాలు, డబ్బులు లేవు. కండక్టర్ ఎక్కడికని అడిగితే అత్తమ్మ "సినిమకు" అంది. "సినిమకు టికెట్ నా దగ్గర లేదు పెద్దమ్మా, ఊరు చెప్పు" అన్నాడు. బస్సంతా నవ్వింది, నేను కిటికీ వైపు తిరిగాను. వేములవాడ దాటి, కొండగట్టు దగ్గర సగం బస్సు ఖాళీ అయి, జగిత్యాల చేరేసరికి తొమ్మిది దాటింది. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని (ప్లేటు ముప్పై రూపాయలు) కోరుట్ల బస్సు ఎక్కితే ముప్పావు గంట. అక్కడి నుంచి ఆటోకు మనిషికి ఇరవై. "గా థియేటర్‌ల ఇంక సినిమ నడుస్తుందా అవ్వా?" అని ఆటో అతను అడిగాడు. "నడుస్తది. నేనచ్చిన గదా" అంది అత్తమ్మ.

కానీ పదకొండు గంటల ఆట నడవలేదు. సత్తయ్య మెట్ల మీదే ఎదురొచ్చాడు. "రాజక్కా, పది మంది లేకుంటే ఆట ఎయ్యద్దన్నరు. మీతోని ఏడుగురే అయితున్నరు. రెండు గంటల ఆటకు సూద్దాం" అన్నాడు. అప్పుడూ పది మంది రాకపోతే వచ్చిన దారినే తిరిగి పోవాలి. రేపటి నుంచి అసలు ఆటే లేదు.

ఆ మూడు గంటలు సత్తయ్య మాకు థియేటరంతా తిప్పి చూపించాడు. మొదట ఇది రేకుల షెడ్డట. వాన పడితే మాటలు వినపడేవి కావు. అప్పట్లో జగిత్యాలకు, కోరుట్లకు కలిపి ఒకటే రీళ్ల పెట్టె. అక్కడ తిప్పిన రీళ్లు బస్సులో ఇక్కడికి వస్తేనే ఆట మొదలు. మధ్యాహ్నం ఆటకు బీడీలు చుట్టే ఆడవాళ్లు చాటలు పట్టుకుని వచ్చి ఒళ్లో పెట్టుకునేవారట. చీకట్లోనే చేతులు ఆకు చుట్టేవి, కళ్లు తెర మీద ఉండేవి. వాళ్ల పిల్లల కోసం గేటు బయట వరండాలో ఇనుప కొక్కేలు కొట్టించారు. చీరలతో ఉయ్యాలలు కట్టి, ఆట అయ్యేదాకా అత్తమ్మే ఊపేది. ఆ కొక్కేలు ఇంకా ఉన్నాయి, నేను లెక్కపెట్టాను, ఆరు.

"మీ అత్తకు అన్ని సినిమల మాటలు నోటికచ్చు. తెర మీది మనుషులనే గుర్తుపట్టది" అని సత్తయ్య నవ్వాడు. "తలుపు ఎనుక నిలవడితె మొకాలు కనిపిస్తయా సత్తిగా" అంది అత్తమ్మ.

రెండింటికి పదిహేను మంది దాకా వచ్చారు. వాళ్లలో ఒకప్పుడు చాటలతో వచ్చిన ఇద్దరు ముసలమ్మలు కూడా ఉన్నారు. టికెట్ ఎనభై రూపాయలు. గేటు దగ్గర అత్తమ్మ తన టికెట్ తనే సగానికి చించి, అక్కడున్న అతని చేతిలో పెట్టింది. తర్వాత తలుపు దగ్గర ఆగిపోయింది. "లోపలికి పా అత్తమ్మా" అని నేను అంటే గాని కదలలేదు. ఆమెను గోడ వైపు కూర్చోబెట్టి, నేను దారి వైపు కూర్చున్నాను. పేర్లు పడుతుంటే రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, బడిలో పిల్లలా నిటారుగా చూసింది.

అరగంట కాలేదు, మా ముందు వరుసలో ఒకామె ఒళ్లోని పసిబిడ్డ ఏడుపు అందుకుంది. తల్లి ఎంత ఊపినా ఊరుకోలేదు. అత్తమ్మ కళ్లు తెర మీదే ఉన్నాయి, కాళ్లు మాత్రం చెప్పులు వెతుక్కుంటున్నాయి. లేచిందంటే ఇక కూర్చోదని నాకు అర్థమైంది. కొత్తవాళ్లతో నేను మాట్లాడను, కొట్టులో ఉప్పు అడగాలన్నా మా ఆయన్నే పంపుతాను. అప్పుడు మాత్రం లేచి, "అక్కా, బిడ్డను ఇటియ్యి, నేను బయట ఆడిస్త" అన్నాను. ఆమె ఒక్క క్షణం నన్ను, వెనక కూర్చున్న అత్తమ్మను చూసి ఇచ్చింది. "నువ్వు కూసో అత్తమ్మా" అని చెప్పి వచ్చేశాను.

వరండాలో బిడ్డను భుజాన వేసుకుని అటూ ఇటూ తిరిగాను. తలుపు సందులోంచి మాటలు వినిపిస్తున్నాయి, ఎవరివో తెలియడం లేదు. సత్తయ్య పైనుంచి తొంగి చూసి, "బిడ్డా, గదే మీ అత్త నిలవడే జాగ" అన్నాడు. ఇంటర్వెల్‌లో తల్లి వచ్చి పాలిచ్చింది. మళ్లీ ఆట మొదలయ్యాక బిడ్డ మళ్లీ ఏడ్చింది, మళ్లీ నేనే తీసుకున్నాను.

ఐదింటికి అత్తమ్మ అందరికంటే ఆఖరున బయటికి వచ్చింది. తిరుగు బస్సులో జగిత్యాల దాకా, అక్కడి నుంచి వేములవాడ దాకా ఆ సినిమా కథ నాకు చెబుతూనే ఉంది. "ఆమె నీలం చీర కట్టింది. వాడు కిందికి సూసిండు గని ఏడ్వలే. కండ్లల్ల నీళ్లు మాత్రం కనవడ్డయి" అంది. ఇంతకుముందు ఆమె చెప్పే కథల్లో ఎవరి చీరకూ రంగు ఉండేది కాదు.

ఎన్నో ఏళ్లు ఎందరో తల్లులు మూడు గంటలు నిశ్చింతగా కూర్చున్నారంటే, తలుపు బయట ఒక మనిషి నిలబడి ఉంది కాబట్టే. ఆ సంగతి తెర మీద ఎక్కడా రాయలేదు. నాకు ఆ వరండాలో నిలబడ్డాకే తెలిసింది. ఇప్పుడు అక్కడ గోడలు కూడా ఉండకపోవచ్చు. మీ దగ్గర ఇలాంటి పాత థియేటర్ ఇంకా నడుస్తుంటే, ఇంట్లో పెద్దవాళ్లను తీసుకుని మధ్యాహ్నం ఆటకు పోండి, పొద్దున ఆటకు మనుషులు చాలక ఆపేస్తారు. వాళ్లను గోడ వైపు కూర్చోబెట్టి, దారి వైపు మీరు కూర్చోండి. ఎవరైనా లేవాల్సి వస్తే మీరే లేవొచ్చు.