ఇరీనీ ఆంటీ వాళ్ళమ్మను వెతుక్కుంటూ కిథిరాలో ఒక పగలు

ఓడ విహారాలంటే నాకు ఒళ్ళు మంట. పై అంతస్తుల్లో డబ్బున్నవాళ్ళు ఎండ కాగుతుంటే, కింద కిటికీల్లేని గదుల్లో ఫిలిప్పీన్స్ మనుషులు వాళ్ళ తువ్వాళ్ళు ఉతుకుతుంటారు. దీనికి సెలవు అని పేరు! అయినా ఎక్కాను. సంవత్సరాన్ని రెండంకెల్లోనే వేసుకునే కంప్యూటర్లన్నీ రెండు వేల సంవత్సరం రాగానే ఆగిపోతాయని లోకమంతా వణికినప్పుడు మా ఆయన రవూఫ్ రెండేళ్ళు ఆదివారాలు కూడా లేకుండా పనిచేశాడు. ఏదీ ఆగలేదు. ఆ బోనస్‌తో గ్రీసు దీవుల టిక్కెట్లు కొన్నాడు. నేను వద్దంటూనే ఉన్నాను. ఇంతలో సిడ్నీ శివారు క్వేకర్స్ హిల్‌లో మా పక్కింటి ఇరీనీ ఆంటీ కంచె దగ్గరికి పిలిచింది.

"కిథిరాలో ఆగుతుందటగా? అది మా దీవే. పొతామోస్ శ్మశానంలో మా అమ్మ ఉందో లేదో చూడు. ఉంటే దీపం పెట్టు."

పద్దెనిమిదేళ్ళకు పెళ్ళికూతురిగా సిడ్నీ వచ్చిన మనిషి. తల్లి పోయినప్పుడు కూడా వెళ్ళలేకపోయింది. సమాధిలో మనిషి ఉండక ఎక్కడికి పోతుందని లోపల నవ్వుకున్నాను.

"నేను దేవుణ్ణి నమ్మను ఆంటీ."

"నిన్ను నమ్మమన్నానా? దీపం పెట్టమన్నాను."

ఉదయం ఎనిమిదింటికి ఓడ కప్సాలి రేవు బయట ఆగింది. అక్కణ్ణుంచి ఒడ్డుకు చిన్న పడవలు. ఓడవాళ్ళ బస్సు తలకు పద్దెనిమిది వేల డ్రాక్మాలు, అదీ వాళ్ళు చూపించిందే చూడాలి. కౌంటర్ దగ్గర నేను గొడవకు దిగబోతే రవూఫ్ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. రేవులో యానీ అనే టాక్సీ అతను ఇద్దరికీ కలిపి పన్నెండు వేలకు, నాలుగింటి చివరి పడవదాకా తిప్పడానికి ఒప్పుకున్నాడు. సిడ్నీలో ఇరవయ్యేళ్ళు టాక్సీ నడిపి వెనక్కి వచ్చాడట. "ఇక్కడ ప్రతి ఇంటి నుంచీ ఒకరు ఆస్ట్రేలియాలోనే, మేట్. మిగిలింది మేకలూ, మా అమ్మా" అన్నాడు. పొతామోస్‌కు ముప్పావుగంట. దారి పొడవునా తాళాలేసిన ఇళ్ళు, తేనెపెట్టెలు, ఎటు చూసినా సముద్రం.

ఆంటీ ఇచ్చిన పాత ఫోటోలో సమాధి గోడవారన, సరుగు చెట్టులాంటి ఒక చెట్టు కింద ఉంది. చెట్టు దొరికింది. దాని కింద పాలరాయి మీద మాత్రం ఎవరో మగమనిషి బొమ్మ!

"కబ్జా!" అని అరిచాను. "ఆడకూతురు దేశంలో లేదని స్థలం అమ్ముకున్నారు! మా ఊళ్ళో ఖబరస్తాన్ సగం ఇలాగే షాపుల కిందికి పోయింది. ఎవరిక్కడ పెద్ద? పిలవండి."

"షమీమ్, నెమ్మది. ఇది మనూరు కాదు" అన్నాడు రవూఫ్.

యానీ సిగరెట్ అయ్యేదాకా నన్ను అరవనిచ్చాడు. "అయిందా? ఇక్కడ ఈ మట్టి ఎవరికీ శాశ్వతం కాదమ్మా. కొన్నేళ్ళయ్యాక తవ్వి, ఎముకలు వైన్‌తో కడిగి, పేరు రాసిన పెట్టెలో పెడతాం. కడిగే సొంతవాళ్ళు లేకపోతే అందరినీ కలిపి ఒకే గోతిలో వేస్తారు."

అప్పుడర్థమైంది ఆంటీ ఏమడిగిందో. ఉందో లేదో.

శ్మశానం చివర చిన్న గది. అరల నిండా రేకు పెట్టెలు. ఆంటీ గ్రీకులో రాసిచ్చిన పేరు చేత్తో పట్టుకుని రవూఫ్ అక్షరం అక్షరం పోలుస్తూ పోయాడు. "సంవత్సరాలు రెండంకెలే వేశారు. ఇక్కడా నేనే రావాల్సి వచ్చింది" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. పై అరలన్నీ అయిపోయాయి. కింది అరలో, కుట్టుపని చేసిన తెల్లగుడ్డ కప్పి, ఒక పెట్టె. పేరు అదే. యానీ గుడ్డ అంచు పట్టుకుని చూసి, "ఇది మా అమ్మ కుట్టు" అన్నాడు. అతని అగ్గిపెట్టెతోనే దీపం వెలిగించాను.

యానీ వాళ్ళమ్మ స్తవ్రూలాది సంత వీధిలో చిన్న భోజనశాల. టమాటాలో ఉడికిన బెండకాయలు, వేయించిన చీజ్, రొట్టె, ఇద్దరికీ నాలుగు వేలు. ఆంటీ వాళ్ళమ్మ ఎముకలు మీరెందుకు కడిగారని ఆవిణ్ణి అడిగాను. యానీ మా మాటలు అటూ ఇటూ అందించాడు.

"ఆ రోజు మా ఆయన్ని తీశాం. పక్కనే ఆవిడనీ తీశారు. ఎవరూ రాలేదు. వైన్ ఇంకా ఉంది. ఒకరిని కడిగి ఒకరిని అలా వదిలేస్తారా?" అని, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు గరిటె ఊపింది.

వీధి చివర ఫోన్ బూత్ ఉంది. వెయ్యి డ్రాక్మాల కార్డు. గ్రీసులో మధ్యాహ్నం ఒంటిగంటైతే సిడ్నీలో రాత్రి ఎనిమిది.

"ఉందా?" అంది ఆంటీ.

"ఉంది. పెట్టెలో. పేరుతో. స్తవ్రూలా కడిగింది."

"దీపం?"

"పెట్టాను."

"నమ్మకం కలిగిందా?"

"లేదు."

"పోనీలే. వెలిగిందిగా."

ఆచారాల్ని తిడుతూ ఇన్నేళ్ళుగా పత్రికల్లో నేను రాసిన ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను. కానీ నా కోపం తిరగాల్సిన దిక్కు వేరే ఉంది. పనివాళ్ళు కావాలని ఓడలు పంపి దీవుల్ని ఖాళీ చేసిన దేశం, ఇప్పుడు వీసాలిచ్చి మనల్ని పిలుస్తున్న దేశం ఒకటే. వెళ్ళినవాళ్ళ వెనక మిగిలిన పని ఎవరు చేస్తారో ఏ కాంట్రాక్టులోనూ ఉండదు. జీతం లేని ఏ స్తవ్రూలానో చేస్తుంది, మళ్ళీ కూర కలపడానికి వెళ్ళిపోతుంది. చివరి పడవలో కూర్చున్నంతసేపూ నేను ఎవరితోనూ వాదించలేదు. రవూఫ్ రెండుసార్లు నా నుదురు ముట్టి చూశాడు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: ఎవరి తరఫునైనా వెతకబోతుంటే పేరు గ్రీకు అక్షరాల్లో రాయించుకోండి, సమాధి దగ్గర గొడవకు దిగే ముందు పెట్టెల గది ఎక్కడుందో అడగండి. కింది అర దాకా చూడండి.