పక్క గేటు

మా గుడియాత్తంలో కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజులవి. నాకు పన్నెండేళ్లు. గుండె ఆపరేషన్ అయ్యి ఏడాది కూడా కాలేదు. కాసేపు నిలబడితే ఆయాసం వచ్చేది. మేస్త్రీ పని చేసే మా నాయన నన్ను వేలూరు ఎగ్జిబిషన్‌కు తీసుకుపోయాడు. బొమ్మరైలు దగ్గర వికలాంగులకు వేరే గేటు ఉంటే అక్కడికి వెళ్లాం.

వరుసలో ఉన్న ఒకామె అడ్డుపడింది. "పాప బాగానే నడిసి వచ్చినాది కదప్పా! మా బిడ్డలు యెండలో నిలబడుకోలేదా?"

"గుండె జబ్బమ్మా" అన్నాడు నాయన.

"అందరూ ఇట్లే చెప్తారు. వరసలోకి పోండి" అన్నాడు గేటు దగ్గరి మనిషి.

నాయన అంతమంది ముందు నా గౌను మెడ కిందికి లాగి కుట్ల మచ్చ చూపించాడు. గేటు తెరిచారు.

"తెలీక అనేస్తిని తల్లీ" అంది ఆమె.

రైలు తిరిగినంతసేపూ నేను గౌను మెడ గుప్పిట్లో బిగించి ఏడ్చాను. నాయన నా వైపు చూడలేకపోయాడు.

ఇంటికొచ్చాక అమ్మ "రైలు ఎట్లుండె?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే నాయన "బాగుండె" అనేసి పెరట్లోకి పోయాడు.

వరుసలో అడ్డుపడినామె మీద నాకు కోపం లేదు. ఆమె బిడ్డలూ ఎండలోనే నిలబడ్డారు. కానీ కంటికి కనిపించని జబ్బును నమ్మించడానికి నాయన పడిన అవమానం తలుచుకుంటే ఇప్పటికీ దుఃఖం ఆగదు. ఆ తర్వాత ఆయన నన్ను ఏ ఎగ్జిబిషన్‌కూ తీసుకుపోలేదు. నేనూ అడగలేదు.