రేణుక తరఫున రేణుక

ఈ సంగతి జరిగేనాటికి నాకు చదవనూ రాయనూ రాదు. వేలిముద్ర వేసి జీతం తీసుకుంటూనే ఉద్యోగమంతా గడిపాను. రిటైరయ్యాక చిలుకూరులో మహిళా సంఘం గదిలో కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను. అవి ముందే వచ్చి ఉన్నా ఉద్యోగంలో ఉండగా ఇది రాసేదాన్ని కాదు. ఇందులో వచ్చే కార్యదర్శి గారు నా సెలవు చీటీల మీద సంతకం పెట్టే మనిషి.

అది కరోనా తగ్గిన తర్వాతి ఎండాకాలం. నేను కోదాడలో ఒక ఆటస్థలానికి అటెండరుని. అటెండరు పైన గ్రౌండ్‌మన్ అని ఒకరు ఉండాలి. ఆ పోస్టు ఎప్పుడూ ఖాళీయే. ఖాళీ పోస్టుకు జీతం ఉండదు గాని పని ఉంటుంది. ఆ పని నాకు వచ్చింది. అందులో ముఖ్యమైనది కబడ్డీ కోర్టు తయారుచేయడం. ఎర్రమట్టిని జల్లెడ పట్టి, ఊక కలిపి, ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లి, తెల్లవారాక రోలరు లాగాలి. ఊక తక్కువైతే మోకాళ్లు చెక్కుకుపోతాయి, ఎక్కువైతే కాలు జారుతుంది. ఆ తర్వాత సున్నంతో గీతలు గీయాలి. మధ్య గీత ఎవరైనా గీస్తారు. లోపల ఉండే బోనస్ గీత దగ్గరే గొడవలు. అక్కడ కాలు పెట్టి వస్తే ఒక పాయింటు ఊరికే వస్తుంది కాబట్టి, అందరి కళ్లూ దానిమీదే ఉంటాయి.

ఏటా మే నెలలో అక్కడ స్మారక టోర్నమెంటు జరిగేది. సూర్యాపేట, మిర్యాలగూడ జట్లు కూడా వచ్చేవి. మా వైపు టోర్నమెంటు పెడితే ఎవరో ఒకరి పేరు మీదే పెట్టాలి. బతికున్నవాళ్ల పేరు పెడితే బతికున్న ఇంకొకరికి కోపం వస్తుంది. అందుకని చనిపోయిన ఆటగాళ్లను ఎంచుకునేవారు. ఆటస్థలాన్ని నడిపే కమిటీకి కార్యదర్శి మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉన్న ఒక సేటు. కోర్టులో కలిపే ఊక ఆయన మిల్లుదే. అందువల్ల కోర్టు కూడా ఆయనదే అన్నట్టు నడిచేవారు.

టోర్నమెంటుకు ముందురోజు ఫ్లెక్సీ వచ్చింది. కట్టింది నేనే. రాసింది చదవలేను గాని బొమ్మలు తెలుస్తాయి కదా. ప్రతి ఫొటోకూ దండ, కింద దీపం. మొదటి ఫొటో మఠంపల్లి సైదులుది. కూతకు వెళ్లి, అవతలి జట్టు గీత దగ్గరే కూలిపోయి మళ్లీ లేవని పిల్లవాడు. తర్వాత రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు. చివరి ఫొటో త్రిపురారం రేణుకది.

రేణుక చనిపోలేదు. సెలక్షను మ్యాచిలో ఎడమ మోకాలు తిరిగింది. రెండు ఆపరేషన్లు అయ్యాయి. ఆట ఆగింది. అంతకు మించి ఆమెకు ఏమీ కాలేదు. మా గ్రౌండులో ఆడపిల్లలకు వేసవి శిక్షణ ఇచ్చే పని తనకు ఇమ్మని ఏడాదిగా కమిటీ చుట్టూ తిరుగుతోంది. మర్నాడు స్టేజీ మీద ప్రకటిస్తామని మాట ఇచ్చింది సేటే. ఇది కూడా రాకపోతే ఇక హైదరాబాదు వెళ్లి బట్టల షాపులో నిలబడతానని ఇంట్లో చెప్పి వచ్చింది.

నేను సేటు దగ్గరికి వెళ్లాను.

"సారూ, గీ పిల్ల బతికే ఉన్నది. దండేసిండ్రేంది?"

ఆయన ఫోను చెవి నుంచి తీయకుండానే విన్నారు. "ఆట మధ్యల ఆగినోళ్ల ఫొటోలని చెప్పిన. ఫ్లెక్సీ షాపోని కాడ గా డిజైను ఒక్కటే ఉన్నదట. ఇప్పుడు ఏం మారుస్తం? పొద్దున చీఫ్ గెస్టు వస్తడు."

"మరి శిక్షణ సంగతి?"

"నువ్వే జెప్పు. ఎనక ఫ్లెక్సీల స్వర్గస్తురాలు, ముంగట మైకుల కోచ్. జనం నవ్వరా? వచ్చే ఏడు సూద్దాం లే."

రేణుక వచ్చి ఫ్లెక్సీ ముందు నడుము మీద చేయి పెట్టుకుని నిలబడింది. "మంచి ఫొటోనే ఏసిండ్రు పెద్దమ్మా. లావు గాకముందుది," అంది. సేటు అన్న మాట చెప్పాను. దండలేసిన ఫొటోలన్నీ ఒక్కొక్కటే చూసింది. తర్వాత, "రేపు ఎవరెవర్ని పిలుస్తరు స్టేజీ మీదికి?" అని అడిగింది. పోయినవాళ్ల తరఫున ఇంటికొకరిని పిలిచి శాలువా కప్పుతారని చెప్పాను.

మర్నాడు మ్యాచులకు ముందు రెండు నిమిషాలు మౌనం పాటించారు. రేణుక కూడా తల వంచుకుని నిలబడింది. ఆ తర్వాత శాలువాల కార్యక్రమం. సైదులు తల్లి వరుసలో ముందు ఉంది. ఏటా వస్తుంది. "ఇంటి నిండ శాలువలే. కప్పుకునేటోడు లేడు," అని ఎప్పుడూ అనేదే ఆ ఏడు కూడా అంది.

చివరికి మైకులో రేణుక పేరు పిలిచారు. ఆమె తరఫున ఎవరైనా ఉంటే రావాలన్నారు. రేణుక కుంటుకుంటూ మెట్లెక్కింది. సేటు ఫోను చెవి నుంచి తీశారు. చీఫ్ గెస్టు పెద్ద పదవిలో ఉన్న మనిషి. శాలువా కప్పుతూ చేయి పట్టుకున్నారు. మైకు ఆయన పక్కనే ఉంది కాబట్టి అంతా మాకు వినిపించింది.

"ఆమెకు ఏమైతవమ్మా?"

"చిన్నప్పటి సంది ఒక్కతాన్నే ఉన్నం సార్."

"అయ్యో. ఎట్ల పోయింది?"

"మోకాలుతోటి మొదలైంది సార్. ఎనక ఎవ్వరు పట్టించుకోలే."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ధైర్యంగా ఉండమన్నారు. ఏం కావాలో అడగమన్నారు.

"గీ గ్రౌండుల ఆడపిల్లలకు ఆట నేర్పాలని ఆమెకు ఉండె సార్. ఆ పని నాకియ్యుండ్రి."

సర్కారు కొలువుల్లో కారుణ్య నియామకం అని ఒక పద్ధతి ఉంది. ఉద్యోగి మధ్యలో చనిపోతే ఇంట్లో ఒకరికి కొలువు ఇస్తారు. మాది సర్కారు కమిటీ కాదు, రేణుక ఉద్యోగి కాదు, చనిపోనూ లేదు. అయినా ఆయన మైకు తీసుకుని, కారుణ్య నియామకం కింద ఈ అమ్మాయికి ఈ రోజు నుంచే శిక్షణ పని ఇస్తున్నట్టు ప్రకటించి, సేటు వైపు చూశారు. ఇప్పుడు సేటు ఫ్లెక్సీ తప్పని ఒప్పుకోవాలి, లేదా చప్పట్లు కొట్టాలి. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆయనే.

సైదులు తల్లి నా పక్కకు జరిగింది. ఫ్లెక్సీనీ, స్టేజీనీ మార్చి మార్చి చూసింది.

"గీ పిల్ల గా పిల్లే గదా?"

"ఆ పిల్లనే అక్కా."

"మావోనికి గీ తెలివి లేకపాయె," అంది. శాలువా మడత పెట్టుకుని బస్సుకు వెళ్లిపోయింది.

ఆ రోజు నేను నేర్చుకున్నది ఇంతే. మా కమిటీలకు ఆడుతున్నవాళ్లతో ఏం చేయాలో తెలుసు, పోయినవాళ్లతో ఏం చేయాలో తెలుసు. ఆట పోయి మనిషి మిగిలితే ఏం చేయాలో తెలియదు, అడిగితే వచ్చే ఏడు అంటారు. అటువంటివాళ్లు ఏదో ఒక వరుసలో నిలబడాలి. రేణుక శాలువా ఇచ్చే వరుసలో నిలబడింది.

మర్నాడు పొద్దున ఫ్లెక్సీ విప్పాను. పారేయవద్దని, వచ్చే ఏడాదికి పనికొస్తుందని సేటు కబురు పంపారు. చుట్టి స్టోరు గదిలో పెట్టాను. నీళ్లు చల్లి, రోలరు లాగి, గీతలు గీశాను. రేణుక మెడలో ఈలతో వచ్చింది. నిన్నటి శాలువాను మోకాలికి బిగించి చుట్టుకుంది. కోర్టు చుట్టూ ఒకసారి తిరిగి ఆగింది.

"బోనస్ గీత వంకర పోయింది పెద్దమ్మా."

చెరిపి మళ్లీ గీశాను.