పచ్చగోబీ పోయిన పొద్దున

నా చిన్నప్పుడు మేం కిరందుల్‌లో, గనిలో పనిచేసేవాళ్ల క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. ఇనుపరాయి ధూళి పడి గోడలూ, ఆరేసిన బట్టలూ ఎర్రబడేవి. ఆ ఎర్రటి పెరట్లోనే, విజయనగరం వైపు నుంచి మా దగ్గరికి వచ్చి ఉన్న మా తాతయ్య చలికాలం కూరగాయలు పండించేవాడు. ఒక ఏడాది జగదల్‌పూర్ సంతలో గోబీ విత్తనాలు అని చెప్పి ఎవరో అమ్మితే తెచ్చి నారు పోశాడు. చాలా మొక్కల్ని పురుగు తినేసింది. మిగిలిన ఒక్కటీ పువ్వు వేసింది. ఆ పువ్వు పచ్చగా ఉంది.

గోబీ పువ్వు తెల్లగా ఉండాలంటే ఎండ తగలకుండా దాని ఆకుల్నే పైకి మడిచి కట్టేస్తారు. తాతయ్య దీనికీ అలాగే అరటినారతో కట్టాడు. ఎప్పుడు విప్పి చూసినా పచ్చగానే ఉంది. విత్తనానికి ఏదో మందు కలిసిందని కొందరు, గని నీళ్ల వల్లనని కొందరు అన్నారు. అది నా పొయ్యి మీదికి ఎక్కదని అమ్మ చెప్పేసింది.

పక్కింటి అక్క కుంట అనే ఊరి వైపు నుంచి కొత్తగా కాపురానికి వచ్చింది. రెండు పెరళ్ల మధ్య వెదురుకంచెలో ఒక సందు ఉండేది. రోజూ అందులోంచి వచ్చి, నాలుగు రెబ్బల కరివేపాకు తుంచుకుని, అమ్మతో టీ తాగి వెళ్లేది. ఆమె మాట తీరుకు మిగతా ఆడవాళ్లు నవ్వేవారు. అందుకే ఆ కాలనీలో ఆమె చనువుగా అడుగుపెట్టే ఇల్లు మాదొక్కటే.

"ఏంది తాతా, ఈ గోబీ పసిరికపాము లెక్కుంది!" అనేది.

"నువ్వు తినకే పిల్లా, మాకే మిగుల్తాది," అని తాతయ్య నవ్వేవాడు.

"ఎప్పుడు కోస్తవు మరి?" అని ఆమె ఒకసారి అడగడం విన్నాను. పాములా ఉందన్న మనిషికి అది ఎప్పుడు కోస్తే ఏం? అప్పటినుంచి ఆమెను కనిపెట్టి చూడసాగాను.

ఒక పొద్దున లేచేసరికి పువ్వు లేదు. కాడ మీద కత్తిగాటు ఇంకా తడిగా ఉంది. తాతయ్య ఎటు వెళ్లాడో అమ్మకూ తెలియదు. సందులోంచి తొంగిచూస్తే అక్క గుమ్మం దగ్గర ఆ మొక్క ఆకులే కుప్పగా ఉన్నాయి. వంటింట్లోంచి గోబీ ఉడుకుతున్న వాసన. ఇంకేం కావాలనుకున్నాను. ఆమెను ఒక్క మాట అడగకుండా, నేరుగా కాలనీవాళ్లు నీళ్లు పట్టుకునే నల్లా దగ్గరికి పోయి అందరి ముందూ చెప్పాను, మా పువ్వు అక్క కోసుకుపోయిందని.

అంతలో అక్కడికే వచ్చిన అక్క నా మాట విని బిందె దించింది. "ఆకులు తాతిచ్చిండు. పువ్వు నేను ముట్టలే."

"పువ్వుని ఇంటికాడ వదిలేసి ఆకులొక్కటే నడిచొచ్చేయా తల్లీ?" అని ఒకావిడ అంటే అందరూ నవ్వారు. అక్క నావైపే చూసింది. బిందె నింపుకోకుండానే వెళ్లిపోయింది. ఆ క్షణాన నాకు గెలిచినట్టుగా ఉంది. ఇప్పుడు ఎక్కువ సిగ్గనిపించేది దానికే.

మధ్యాహ్నం బస్సు దిగి తాతయ్య వచ్చాడు. తడి తువ్వాలులో పువ్వు ఉంది. తినవచ్చో లేదో తేల్చుకుందామని తెల్లవారకముందే కోసి, ఆకులు మామూలుగానే ఉన్నాయని కూరకడిగిన అక్కకిచ్చి, పువ్వు దంతెవాడ వ్యవసాయ ఆఫీసుకు పట్టుకెళ్లాడట. "దీన్ని బ్రోకలీ అంటారటమ్మా! పచ్చగానే ఉండాలట. నేనేమో పిచ్చోడిలాగ ముసుగేసి కూకున్నాను," అని నవ్వాడు. అమ్మ నవ్వలేదు. జరిగింది చెప్పింది. తాతయ్య కంచె వైపు చూశాడు. సందులో అప్పటికే ముళ్లకంప అడ్డం పెట్టి ఉంది.

నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కోసిన మొక్కకు పక్కపిలకలు వస్తాయని ఆఫీసులో చెప్పారట. అవి అక్కకేనని చెప్పి, వాటికి నీళ్లు పోయడం నా పని చేశాడు. అవి రాకుండా ఉంటే బాగుండునని లోలోపల అనుకుంటూనే పోశాను. ఆకుల మొదళ్లలోంచి చిన్నచిన్న పువ్వులు వచ్చాయి. వాటిని నాచేతే కోయించి, సరిగ్గా నీళ్లొచ్చే వేళకు, నల్లా దగ్గరే అక్కకు ఇచ్చి రమ్మని పంపాడు. ఎందుకా వేళకో ఆయన చెప్పలేదు. అక్కడికి వెళ్లి, ఆ ఆడవాళ్లందరినీ చూశాకే నాకు అర్థమైంది.

"పువ్వు తాతయ్యే కోశాడక్కా. నేను అబద్ధం చెప్పాను," అన్నాను.

"అబద్ధం గాదు. నన్ను అడగలే నువ్వు," అంది. కొంగు పట్టి పువ్వులు పోయించుకుంది.

ఆ సాయంత్రం టమాటా వేసి వండిన కూర తెచ్చింది. తాతయ్య ముళ్లకంప తీసేసే ఉంచాడు. అయినా ఆమె సందులోంచి రాలేదు. రోడ్డు వైపు గేటు దగ్గర నిలబడి, "అమ్మా, నేనొచ్చిన," అని పిలిచి, అమ్మ రమ్మన్నాకే లోపలికి వచ్చింది. వెళ్లేటప్పుడు కరివేపాకు తుంచుకుని, అరచెయ్యి చాచి చూపించింది. "గింతే తీసుకున్న." మేం ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ అలాగే వచ్చింది, అలాగే చూపించి వెళ్లింది.

ఇప్పుడు గీదంలో మా ఇంటి పెరట్లో చలికాలమంతా బ్రోకలీ ఉంటుంది. పువ్వు కోసిన ప్రతి మొక్కా మళ్లీ పిలకలేస్తుంది. ఇంట్లో ఏదైనా కనబడకపోతే ఈ వయసులోనూ నా మనసు ముందు ఎవరో ఒకరి పేరే వెతుక్కుంటుంది. అప్పుడు చాచిన ఆ అరచెయ్యి, అందులోని కరివేపాకు రెబ్బలు గుర్తొస్తాయి. నోటిదాకా వచ్చిన పేరును మింగేసి, ఆ మనిషి దగ్గరికే వెళ్లి నెమ్మదిగా అడుగుతాను.