ఎర్ర దారపు దర్జీ పిట్ట

స్వచ్ఛంద విరమణకు రెండేళ్ళ ముందు, తొలకరి రోజుల్లో, నన్ను బచేలి టౌన్‌షిప్‌లో గని కంపెనీ ఫొటోగ్రాఫరుగా వేశారు. హోదా సీనియర్ అసిస్టెంటు. పని దండలూ, రిబ్బన్లూ, కరచాలనాలూ తీయడం. ఆదివారాలు టెలీ లెన్స్ భుజాన వేసుకుని కొండ అడవిలోకి పోయేవాణ్ణి. నా అడుగుల చప్పుడు పాటపిట్టలకు అల్లంత దూరాన గీదం ఊరి నుంచే వినబడేది కాబోలు, ఫొటోల్లో ఎక్కువగా ఖాళీ కొమ్మలే పడేవి.

అలాంటి నాకు గెస్ట్‌హౌస్ తోటలోనే దర్జీ పిట్ట దొరికింది. బొటనవేలంత ఉంటుంది, కూత మాత్రం షిఫ్టు సైరన్‌కు పోటీ. రెండు క్రోటన్ ఆకులను బూరుగు దూదితో కలిపి కుట్టి గూడు కట్టింది. లోపల కళ్ళు తెరవని పిల్లలు. పిట్టకు కనబడకుండా ఫొటోగ్రాఫరు దాక్కునే చోటును హైడ్ అంటాం. నా హైడ్ గెస్ట్‌హౌస్ స్నానాలగది కిటికీ.

ఇంతలో హెడ్డాఫీసు నుంచి తనిఖీకి పెద్ద సాబ్ దౌరా ఖాయమైంది. తోటల సూపర్‌వైజరు సూర్యారావు, విజయనగరం మనిషి, క్రోటన్ల కంచెను మోకాలెత్తుకు కత్తిరించడానికి కత్తెర పట్టుకొచ్చాడు. కిటికీలోంచే ఆపమన్నాను.

"పిట్ట కోసం కంచె వదిలీమంటావేటి? సాబ్ అడిగితే నీ మొహం చూపించనా?"

నేను కిష్టారం వైపు పుట్టినవాణ్ణి. కోతలు నాకు సొంత యాసలోనే బాగా వస్తాయి.

"గట్లంటవేంది సూర్యన్నా? నా మొహం కాదు, పిట్టను చూపించు. ఎర్ర దారంతోని కుట్టే దర్జీ పిట్ట లోకంల ఈడ తప్ప ఇంకేడ లేదు. సాబ్ వచ్చేదే దానికోసం."

దారం ఎర్రగా ఉన్నమాట నిజం. ఇనుప ఖనిజం దుమ్ముకు మా బనియన్లూ ఎర్రవే.

సూర్యారావు నమ్మాడు. నమ్మి ఊరుకోలేదు. గూటి ముందు సున్నపు గీత గీయించి, ముట్టరాదని హిందీలో బోర్డు పాతించి, దౌరా రోజున సాబ్‌ను నేరుగా అక్కడికే తీసుకొచ్చి, లోకంలో ఇంకెక్కడా లేని ఎర్ర దారపు పిట్ట అని చూపించాడు. పిట్ట పిల్లలూ, నా పరువూ ఒకే కుట్టు మీద వేలాడుతున్నాయి. సాబ్ వంగి చాలాసేపు చూశారు. ఢిల్లీలో తమ ఇంటి పూలకుండీలో ఈ పిట్ట ఏటా కాపురం పెడుతుందన్నారు. సూర్యారావు మెల్లగా నావైపు తిరిగాడు. సాబ్ కూడా తిరిగి, నా మెడలో కెమెరా చూశారు. అయితే ఢిల్లీది తెల్ల దారం వాడుతుందనీ, కొలతలు కూడా సరిగ్గా తీసుకోదనీ గంభీరంగా చెప్పారు. పిల్లలు ఎగిరేదాకా కత్తెర తేవద్దన్నారు.

ఆ వారమే నాకు మంచి ఫొటో పడింది: నోట్లో పురుగుతో తల్లి, ఎర్ర కుట్ల మధ్య తెరిచిన నోళ్ళు.

గూటి ఫొటోకి ఆకు అడ్డొస్తే చాలామంది తుంచేస్తారు. తుంచితే ఎండా, కాకీ లోపలికొస్తాయి. కనుక ఆకును కదపకూడదు. కదపక తప్పదనుకుంటే సూపర్‌వైజరును కదపాలి.