కంటి పసరు కోసం గోదావరి దాటి

మా చెల్లెలు సుగుణకు చూపు తగ్గిన సంగతి మొదట మిరప కల్లంలో బయటపడింది. ముదిగొండ దగ్గర మా చేలో తాలు ఏరుతూ, నాణ్యమైన ఎర్ర కాయల్ని తెల్లబారిన తాలు కుప్పలో వేస్తూ పోయింది. అమ్మ తిట్టింది. కుడి కంటికి ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తోందని, కన్ను తిప్పితే నొప్పిగా ఉందని అప్పుడు చెప్పింది. ఇంట్లోవాళ్లు భద్రాచలం అవతలికి తీసుకుపోయి కంట్లో ఆకు పసరు పోయించారు. నెల తిరక్కుండా చూపు వచ్చింది. మరుసటి ఏడు ఎడమ కన్ను మొదలైంది, కాళ్లలో తిమ్మిరి కూడా.

మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిస్తూ, రాస్తూ తిరిగేవాణ్ణి, ఈసారి నేను హైదరాబాద్ తీసుకుపోయాను. నరాల డాక్టరు ఆమెను బయట కూర్చోబెట్టి నాతో చెప్పాడు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అట. ఒంటిని కాపాడాల్సిన శక్తే నరాల పైపొరను తినేస్తుంది. కంటి వెనక నరం వాస్తే చూపు మసకబారుతుంది. చాలామందికి దానంతటదే తిరిగొస్తుంది, మళ్లీ పోవచ్చు. వాపు తగ్గే మందులు ఇచ్చాడు. మాన్పే మందు లేదన్నాడు. రోగం ఆమెది, మాట మాత్రం మగవాణ్ణని నాకు! ఏ శాస్త్రం నేర్పిన మర్యాదో ఇది.

సుగుణ మళ్లీ పసరే కావాలంది. అప్పటిదాకా ఆమెకు చెప్పని నిజం దారిలో ఎక్కడో చెప్పి వెనక్కి తిప్పుదామని వెంట బయల్దేరాను.

ఖమ్మంలో ఉదయం ఆరున్నరకు భద్రాచలం బస్సు. కొత్తగూడెంలో టీ తాగే వ్యవధి ఉంటుంది. అక్కడ ఎక్కిన గని కార్మికుడొకడు, సుగుణ ఒక్కో కన్నే మూసి చూసుకోవడం గమనించి, ఏమైందని అడిగాడు. విని, "మా గనిల దీపం ఆరితే అందరం నీ లెక్కనే చెల్లె. చెయ్యి పట్టుకొని నడుస్తం" అన్నాడు. సుగుణ నవ్వింది. ఆ నవ్వు చూశాక చెప్పదలచింది మింగేశాను.

గోదావరి వంతెన దాటాక బస్టాండు దగ్గరే భోజనం చేయాలి. ఆపైన ఏమీ దొరకదు. చర్ల వైపు బస్సెక్కి దిగి, అడవి బాటన రెండు మైళ్లు నడక. ఎండ ముదిరింది. సగం దారిలో సుగుణ ఆగిపోయింది.

"అన్నా, అంత పొగ కమ్మినట్లయితుంది."

ఒంట్లో వేడి పెరిగితే ఈ జబ్బులో చూపు ఇంకా మసకేస్తుందని డాక్టరు చెప్పాడు. ఇప్పచెట్టు నీడన కూర్చోబెట్టి మెడకు తడిగుడ్డ చుట్టాను. కాసేపటికి తేరుకుంది.

పసరు పోసే పెద్దాయన మంచివాడే, ఎవరినీ పైసా అడగడు. పోయినేడు బాగైంది, మల్ల అయితదంటూ ఆకు నలిపాడు. సుగుణ తల వెనక్కి వాల్చింది. ఆ రసం కంట్లో పడితే ఉన్న చూపుకే ముప్పు. ఇక ఆగలేకపోయాను.

"ఆగు సుగుణా. ఇందాక నీడల కూసుంటే చూపు తేరుకుంది గద, ఎవరు పసరు పోసిండ్రు? పోయినేడు గూడ గట్లనే దానంతటదే వచ్చింది."

డాక్టరు మాటలన్నీ చెప్పేశాను. ఆమె వాల్చిన తల పైకెత్తి కూర్చుంది.

"మల్ల వస్తదా?"

"రావచ్చు. మొత్తం రాకపోవచ్చు. వచ్చినా మల్ల పోవచ్చు."

"పసరుతోటి వచ్చిందనుకున్నన్ని రోజులు, పోతే ఈడికి వద్దామన్న ధైర్యముండె. ఇప్పుడు నేనేడికి పోవాలె అన్నా?"

సభల్లో ఎందరి నోళ్లో మూయించినవాణ్ణి. వెళ్లి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. పెద్దాయన ఆకు పక్కన పెట్టి, ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

సాయంత్రం బస్సుకు తిరుగు ప్రయాణం. కంటి కోసం ఈ దారి పట్టేవారికి చెబుతున్నాను. కన్ను తిప్పితే నొప్పి, ఎరుపు వెలిసినట్టు కనిపించడం ఉంటే నేరుగా పెద్ద దవాఖానాకు పొండి. రోగి ఎదుటే చెప్పమని డాక్టరును నిలదీయండి. అయితే నిజం తెలిశాక, దానితో బతికే మనిషి పక్కన కూర్చోవడం కూడా మన పనే. అది ఏ ఉపన్యాసంలోనూ నేను చెప్పి ఉండలేదు.

పాల్వంచ దాటాక సుగుణ నా వైపు తిరిగింది.

"అమ్మ అడిగితే పసరు పోయించినమని చెప్పు. ఆమెకైనా నిద్ర పడ్తది."

అబద్ధాల మీద ఇన్నేళ్లుగా రాస్తున్నవాణ్ణి, చెబుతానన్నాను.