జెండాకు వేసిన మాలముడి

మొన్న పూల అంగడి పక్కనుంచి పోతుంటే తడిసిన బంతిపూల వాసన తగిలింది. అంతే, పూతలపట్టు బడిలో జెండా కొయ్య కింద నిలబడ్డ పంద్రాగస్టు గుర్తొచ్చింది. దాంతోపాటే మా డ్రిల్ మాస్టారు మునిరత్నం గారూ.

డెబ్బైల చివరి సంగతి. నేను టీచరుగా చేరి రెండు నెలలు కాలేదు, ఉద్యోగం ఇంకా తాత్కాలికమే. తొలి పంద్రాగస్టును పిల్లవాడిగా కళ్ళారా చూసినవారు మాస్టారు. ఏటా జెండా ఆయనే కట్టేవారు. ఆ ఏడు నేను కడతానని ఎగబడ్డాను. మాది తిరుపతిలో తరతరాలుగా స్వామికి మాలలు కట్టే ఇల్లు. ముడులు నాకొకరు నేర్పాలా అని గర్వం. ఆయన జారుముడి చూపించబోతే "తెలుసు సార్" అనేశాను. బంతిరేకలు పోసి, జెండా మడిచి, చిన్నప్పటినుంచి చేతికి అలవాటైన మాలముడి వేశాను. అది లాగేకొద్దీ బిగుస్తుంది.

మరునాడు జెండా ఎగరేయడానికి వచ్చిన స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు గారు తాడు లాగారు. జెండా విచ్చుకోలేదు. మళ్ళీ లాగారు. పైన మూట మూటలాగే ఉంది. పిల్లలు కిసుక్కుమన్నారు. నా ఉద్యోగం గురించి రిపోర్టు రాయవలసింది ఆయనే.

"ఎవరు కట్టింది?" అన్నారాయన.

మాస్టారు ముందుకొచ్చారు. "కట్టించినోణ్ణి నేను సార్. ముడి సూడకుండా పైకి పంపించినాను. తప్పు నాదే."

మూటను కిందికి దించి, ముడి విప్పి, తాడు నాకే అందించారు.

"నాకొద్దు సార్, మీరే కట్టండి," అన్నాను కన్నీళ్ళతో.

"ఈపొద్దు నేను కడితే నువ్వు జన్మలో జెండా ముట్టవమ్మా. భయపడాకు, నేను ఈడే ఉండా. ఆ కొస మడిచి దూర్చు, సాలు."

అంతమంది ముందర కట్టాను. ఇన్‌స్పెక్టరు గారు లాగారు. జెండా విచ్చుకుంది, రేకలు ఆయన బట్టతల మీద రాలాయి. అమ్మయ్య! అంత హాయిగా మళ్ళీ ఎప్పుడూ ఊపిరి పీల్చలేదు నేను. పిల్లలకు పిప్పరమెంట్లు పంచుతూ మాస్టారు నవ్వారు. "స్వామికి కట్టేది ఊడకూడదు, జెండాకు కట్టేది ఊడాల. అంతేనమ్మా తేడా."

ఉద్యోగం నిలిచింది. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. నాకు ఓపిక తక్కువ. కొత్తగా చేరినవాళ్ళు పని చెడగొడితే, లాక్కుని నేనే చేసేద్దామని చెయ్యి చాచేదాన్ని. అప్పుడే ఆయన అందించిన తాడు గుర్తొచ్చేది. చెయ్యి వెనక్కి తీసుకుని, పక్కన నిలబడి, ఆయన మాటే అనేదాన్ని: "భయపడాకు, నేను ఈడే ఉండా."